అప్‌డేట్: డయాటమ్ సెన్సర్‌లో ఖాళీ శాంపిల్‌కీ సిగ్నల్ ఎందుకొచ్చిందో తెలిసింది

డయాటమ్ (నీటిలో బతికే ఏకకణ ఆల్గే) సిలికా గుల్లల మీద, సీఆర్‌పీని (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పట్టుకునే యాంటీబాడీ అతికించాను, సీఆర్‌పీ లేని ఉత్త బఫర్ ద్రావణం పోసినా ఫ్లోరోసెన్స్ (వెలుగు) వస్తోంది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు.

మొదటిది నా బద్ధకం. గుల్లల్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సరిగ్గా శుభ్రం చేయలేదు. లోపల మిగిలిన క్లోరోఫిల్ తనంతట తానే ఎర్రగా వెలుగుతోంది. యాంటీబాడీ పెట్టకముందే ఒకసారి మైక్రోస్కోప్ కింద చూసుంటే మొదటి రోజే తెలిసేది!

రెండోదే అసలు సంగతి. ఏపీటీఈఎస్ (సిలికాకి అంటుకునే రసాయనం) పూత తర్వాత, దానికి యాంటీబాడీని అతికించడానికి గ్లూటరాల్డిహైడ్ వాడాను. యాంటీబాడీ పట్టగా మిగిలిపోయిన ఆల్డిహైడ్ కొక్కేలు, సీఆర్‌పీ ఉందో లేదో చూపడానికి చివర్లో వేసే ఫ్లోరోసెంట్ యాంటీబాడీని కూడా పట్టేసుకుంటున్నాయి. మధ్యలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో వాటి నోరు మూయించి, బీఎస్‌ఏ అనే ఆవు రక్త ప్రోటీన్‌తో ఖాళీ చోట్లు బ్లాక్ చేశాక ఖాళీ శాంపిల్ దాదాపు నల్లగా వచ్చింది.

తడి తగిలితే ఏపీటీఈఎస్ తనలో తానే గొలుసుకట్టి గుల్లల రంధ్రాల్ని పూడ్చేస్తుందని అప్పుడు మీరన్న మాటా నిజమే. యాంటీబాడీ సైజు 10 నానోమీటర్ల పైచిలుకే అయినా, పూత మందమైతే దానికి లోపలికి దారుండదు. ఇప్పుడు తేమ లేని టోలుయిన్‌లో చేస్తున్నాను.

సీరమ్ (రక్తం నుంచి తీసిన ద్రవం) జోలికి ఇంకా పోలేదు.