అప్‌డేట్: వాటర్ వాష్ తర్వాత ముందు బ్రేకు పట్టకపోవడానికి కారణం తెలిసింది

బండిని వాటర్ వాష్ చేయించి తెచ్చినప్పటి నుంచి ముందు డిస్క్ బ్రేకు జారుతున్నట్టు ఉందని, దానికి టైర్లకు మెరుపు కోసం కొట్టిన షైనరే (సిలికాన్ ఉన్న పాలిష్) కారణమా అని అడిగాను. మీలో ఎక్కువమంది అనుమానించిందే నిజమైంది.

మెకానిక్ టార్చి వేసి చూపిస్తే, డిస్క్ మీద ఇంద్రధనుస్సు రంగుల్లో పలచని జిడ్డు పొర కనిపించింది. టైరు పక్కభాగానికి డబ్బాతో నేరుగా స్ప్రే చేయడం వల్ల ఎగిరిపడిన సిలికాన్ తుంపరలవి. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవగానే పొర పోయింది గాని, డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేకు ప్యాడ్లు జిడ్డును లోపలికి పీల్చుకుంటాయి కాబట్టి, గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టకుండా కొత్తవే వేయించాను. కొత్త ప్యాడ్లు డిస్క్‌కు కుదురుకునే వరకు నెమ్మదిగా నడపమన్నారు. ఇప్పుడు బ్రేకు గట్టిగా పడుతోంది.

ఇకపై షైనర్‌ను గుడ్డకు రాసి, ఇంజిన్ చల్లారాక, ప్లాస్టిక్ భాగాల వరకే వాడతాను. టైరు నేలను తాకే భాగానికి, ఫుట్‌రెస్టులకు, సీటుకు అది అసలే వద్దు, మెరుపు కోసం జారిపడలేం కదా! నాది మ్యాట్ (మెరుపు లేని) రంగు ట్యాంకు కనుక దానికి వ్యాక్స్ పాలిష్ కూడా పెట్టను. రుద్దిన చోటల్లా మచ్చల్లా మెరుస్తుంది. ఓ-రింగులు (లింకుల మధ్య ఉండే రబ్బరు సీళ్లు) ఉన్న చైనుకు పెట్రోలు వాడవద్దన్న మీ సలహా మేరకు చైన్ క్లీనర్, మెత్తని బ్రష్ కొన్నాను. వాష్ సెంటర్‌లో డీజిల్ పిచికారీ వద్దని ముందే చెబుతున్నాను.