కొండవాలు ఇళ్ళకు ఎర్రరంగు వేసి ఖాళీ చేయించాలా?

గోస్తనీ గట్టు:
నేను మ్యాపులు గీసుకొని బతికేవాణ్ణి. ఇల్లు మురళీనగర్. ఖాళీ దొరికినప్పుడల్లా విశాఖ పటం మీద మూడు పొరలు పేర్చాను: ఇస్రో వాళ్ళ మ్యాపుల వెబ్‌సైటు భువన్‌లో దొరికే ఎత్తుల డేటా, గెడ్డల (వాగుల) దారులు, 2011 జనాభా లెక్కలు. వాలు నిలువుగా ఉండి జనం కిక్కిరిసిన చోటల్లా ఎర్రరంగు పడింది. కైలాసపురం, మాధవధార, కంచరపాలెం వెనక కొండ, అటు హనుమంతవాక. వాన మొదలయ్యాక అర్ధరాత్రి మైకు పట్టుకొని "ఖాళీ చేయండి" అని తిరగడం కన్నా, ఈ ఎర్రరంగు ఇళ్ళను వానాకాలానికి ముందే విడతలవారీగా వేరేచోటికి మార్చేయడం నయం కాదా? గోడ కూలి మనిషి పోయాక నష్టపరిహారం ఇవ్వడం ఏం పద్ధతి?

కంచరపాలెం కుమారి:
నయం కాదండి. మాది కొండమీద పైనుంచి రెండో వరస. మీ మ్యాపులో మా ఇల్లు ఎర్రగానే ఉంటాది, చూడకండానే చెప్పగలను. ఎర్రరంగు పడ్డ ఇంటికి రేపు పట్టా అడిగితే ఇస్తారేటి? మెట్లు బాగుచెయ్యమంటే "ఎలాగూ ఎల్లిపోతారు కదా" అంటారు.

ఇంకోటి. మా పక్కింటోళ్ళకి మధురవాడ అవతల ఇల్లొచ్చింది. ఆ అమ్మాయి మూడిళ్ళల్లో పని చేస్తాది, పొద్దున్న ఆరింటికల్లా ఇక్కడుండాలి. రెండు బస్సులు మారలేక ఆ ఇల్లు అద్దెకిచ్చీసి, మళ్ళీ ఈ కొండమీదే, ఇంకా పైన, అద్దెకి దిగింది. మీ లెక్కలో ఇప్పుడామె ఎక్కడున్నట్టు?

మర్రిపాలెం మాస్టారు:
ముప్పయ్యేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట. తరలింపు వేరు, పునరావాసం వేరు. తరలింపంటే రెండు రాత్రులు బడిలో పడుకొని ఇంటికి రావడం. దానికి మ్యాపు కావాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలితో మన నెత్తిన దిగింది. అంత గాలికి ఊరు నేలమట్టమైనట్టయినా ప్రాణనష్టం ఆ స్థాయిలో లేకపోవడానికి కారణం, ముందురోజుల్లోనే తీరంలో పల్లపు ప్రాంతాలు ఖాళీ చేయించడం. ఏది పల్లమో పటమే చెప్పింది. పునరావాసం అలా కాదు, అది బతుకు మార్చడం. ఉక్కు కర్మాగారానికి ఊళ్ళిచ్చినవాళ్ళ ఆర్ కార్డుల (నిర్వాసితులని ఇచ్చిన పునరావాస కార్డుల) గొడవ ఇన్ని దశాబ్దాలైనా తెగలేదు. ఈ రెంటినీ ఒకే రంగుతో చూపిస్తే జనం మైకు వినడం కూడా మానేస్తారు బాబూ.

ఎన్ఏడీ కొత్తరోడ్డు:
కొండలు సరే. ఫ్యాక్టరీల సంగతి ఎవరూ ఎత్తరేం? 2020 మే 7, తెల్లారుజామున మూడు దాటింది. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరై లీకైన రాత్రి మా పెద్దనాన్న వాళ్ళు కళ్ళు మండుతుంటే చీకట్లో పరుగెత్తారు. ఎటు పరుగెత్తాలో ఎవరికి తెలుసు? ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది. మురుగు కాల్వలో పడిపోయినవాళ్ళున్నారు. పన్నెండు మంది పోయారు. తర్వాత చుట్టూ మూడు కిలోమీటర్ల మేర ఖాళీ చేయించారు. గుండ్రంగా గీత గీయడం ఎవరైనా గీస్తారండీ. గ్యాసు గుండ్రంగా పోదు, గాలి ఎటు తోలితే అటు పోతుంది. మే నెల రాత్రిపూట మన దగ్గర గాలి ఎటు వీస్తుందో, ఎత్తు మీదికి పోయే రోడ్డు ఏదో చూపించే మ్యాపు మా వీధిలో ఏ గోడ మీదైనా ఉందా?

ఉక్కునగరం బాబాయ్:
ఆ ఫ్యాక్టరీ 1961లో పెట్టారు. ఇళ్ళు తర్వాత వచ్చాయి. పక్కనే ఎవరు కట్టుకోమన్నారు?

ఎన్ఏడీ కొత్తరోడ్డు:
ఎవరూ కట్టుకోమనలేదు బాబాయ్. ప్లాను ఇచ్చారు, కరెంటు మీటరిచ్చారు, ఇంటిపన్ను కట్టించుకున్నారు. అన్నీ ఇచ్చి, ప్రమాదం జరిగాక "ముందొచ్చింది ఎవరు" అంటే ఎలా? కొండమీద ఉన్నోళ్ళు కదలాలి, ఫ్యాక్టరీ పక్కన ఉన్నోళ్ళు కదలాలి, ఫ్యాక్టరీ మాత్రం కదలకూడదు. ఎర్రరంగు ముందు ట్యాంకుల మీద వేయమనండి.

పెదజాలరిపేట కుర్రోడు:
తుపానుకి ఖాళీ చెయ్యమంటే ఆడోళ్ళని, పిల్లల్ని పంపీసి మగోళ్ళం ఉండిపోతాం. బోటు, వల, ఇంజను లచ్చల సరుకు. దాన్ని ఒదిలీసి బడిలో పులిహోర తిని కూకోమంటే ఎవడు కూకుంటాడు? పోర్టులో పదో నంబరు ఎగరేసినా మా నాన్న కదలడు. మీ మ్యాపులో మనుషుల్ని లెక్కేసినారు. బోట్లు ఎక్కడికి లాగాలో గీసినారా?

సీతమ్మధార రిటైర్డ్:
నాకు వేరే భయం. మా వీధిలో సగం ఇళ్ళల్లో పిల్లలు అమెరికాలో, ముసలివాళ్ళు ఒంటరిగా. "ఒంటరి వృద్ధులు" అని పొర వేసి నెట్‌లో పెడితే విపత్తు దళం కన్నా ముందు దొంగ వస్తాడు. అలాంటి జాబితా వార్డు సచివాలయంలో ఉండాలి, అందరి ఫోన్లలో కాదు. (ఇక్కడ వాలంటీర్ల మీద రాజకీయం మొదలెట్టకండి, దండం పెడతాను.)

గోస్తనీ గట్టు:
మాస్టారూ, తరలింపునూ పునరావాసాన్నీ కలిపేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. కుమారి గారి ప్రశ్నకు జవాబు లేదు. 2011లో నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షల పైచిలుకు జనం. తర్వాత భీమిలి, అనకాపల్లి కలిశాయి. 2021 లెక్క అసలు జరగనే లేదు, ఇక 2027దే. 2011 లెక్క అయ్యాక పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉంటారు, నా మ్యాపులో ఇంకా పుట్టనే లేదు.

ఇంకో లోపం నాకు రాత్రి తట్టింది. నేను వాడిన ఎత్తుల డేటాలో ఒక్కో గడి ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు. గజాల్లో వెయ్యి పైనే. కొండమీద నలభై గజాల ఇళ్ళు పాతిక దాకా పడతాయి అందులో. ఏ ఇంటి వెనక గోడ బీటేసిందో అది చెప్పదు.

కానీ కొండ జారదని మాత్రం ఎవరూ అనకండి. గట్టి వాన మూడు రోజులు పడితే మన ఎర్రమట్టి సంగతి అందరికీ తెలుసు. కొన్ని ఇళ్ళు కదలాల్సిందే. ఎన్ని, ఏవి అన్నదే తగువు.

కంచరపాలెం కుమారి:
ఇప్పుడు దారికొచ్చినారు. మా కొండమీద జనగణన కన్నా మంచి పుస్తకం ఆశా అక్క దగ్గరుంది. ఏ ఇంట్లో నిండుచూలాలు, ఏ ఇంట్లో మంచం మీదున్న మనిషి, ఎవరికి షుగరు ఇంజక్షను, అంతా రాసుంటాది. అంగన్‌వాడీ టీచరుకి పిల్లల లెక్క నోటికొచ్చు. మంచం మీదున్న మనిషిని నూటపాతిక మెట్లు దింపాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురు ఎవరో ముందే రాసుకోండి, అది మ్యాపంటే. కదలాల్సిన ఇళ్ళున్నాయి, నేనే చూపిస్తాను, నాలుగున్నాయి. వాళ్ళకి ఇదే కొండ కింద, నడిచెళ్ళే దూరంలో చూపిస్తే రేపే సామాను దింపీస్తారు.

ఎన్ఏడీ కొత్తరోడ్డు:
అదీ మాట. మా వీధికీ రండి, గాలివాటం నేను చెప్తాను.

ఉక్కునగరం బాబాయ్:
నాలుగిళ్ళని మొదలెట్టి నాలుగొందలు చేస్తారు, చూస్తూ ఉండండి.

గోస్తనీ గట్టు:
ఆశా అక్క ఒప్పుకుంటే పేర్లు లేకుండా, ఇంటి గుర్తు మాత్రం కాగితం మీద వేసుకుందాం. నెట్‌లో పెట్టను. బోట్లు లాగే చోటు సంగతి జాలరిపేట తమ్ముడు చెప్పాలి. కుమారి గారూ, ఆదివారం పొద్దున్న రానా?

కంచరపాలెం కుమారి:
ఆదివారం వద్దు, పొద్దున్నే కుళాయి వస్తాది, మెట్లన్నీ బిందెలే. శనివారం సాయంత్రం రండి. బూట్లు కాదు, చెప్పులేసుకోండి.