చర్చ: జపాన్ కత్తి నకాగో (పిడి లోపలికి వెళ్లే ఇనుము) మీద సుకెసాదా అనే కమ్మరి పేరు, 1508 తేదీ. నమ్మవచ్చా?

ఒహాయో శీను
పోయిన నెల ఇక్కడ అమెరికాలో మా ఊళ్లో ఒక ఇంటి సామాను అమ్మకంలో జపాన్ కత్తి కొన్నాను. ఇంటి పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో పనిచేశారట. ఒరకు తోలు తొడుగు ఉంది, పిడి సైనికాధికారుల కత్తుల తరహాలో ఉంది. మెకుగి (పిడిని పట్టి ఉంచే మేకు) తీసి పిడి జారిస్తే నకాగో మీద ఒక పక్క ఆరు అక్షరాలు, రెండో పక్క ఏడు కనిపించాయి. ఫొటోలు పెట్టాను. మొన నుంచి లెక్కిస్తే పొడవు 64 సెం.మీ. ఏ కాలానిది? సంతకం అసలుదేనా? విలువ ఎంత? ఇండియాకు తెచ్చుకోవచ్చా? నకాగో నల్లగా తుప్పు పట్టి ఉంది. తోమితే అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయా?

పాతఇనుము
తోమవద్దు. మిగతాదంతా తర్వాత.
ఆరు అక్షరాలు: బిషూ ఒసాఫునే సుకెసాదా, అంటే బిజెన్ సీమలోని ఒసాఫునే ఊరి సుకెసాదా. ఏడు అక్షరాలు: జపాన్‌వారి ఎయిషో శకం ఐదో ఏడు, ఎనిమిదో నెల. అంటే 1508, మన రాయలవారు గద్దెనెక్కడానికి ఏడాది ముందు. అలా చెక్కి ఉందని మాత్రమే అంటున్నాను, అది నిజమని కాదు.

సికింద్రాబాద్ మనవడు
తోమితే ఏమవుతుందండీ? మా తాతగారు బర్మా నుంచి తెచ్చిన జపాన్ కత్తి మా ఇంట్లో ఉంది. ఏటా ఆయుధపూజకు ముందు పిడి విప్పించి, లోపలి ఇనుముతో సహా చింతపండు, బూడిద పెట్టి తోమిస్తాను. ధగధగలాడుతుంది. చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు.

పాతఇనుము
మెచ్చుకున్నవాళ్లలో కత్తుల సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడన్నమాట. జపాన్‌లో నిపుణులు ముందు చూసేది నకాగోనే. తుప్పు రంగు, ఆకురాయి గీతల వాలు, చివరి ఆకారం, అక్షరాల గాడిలో తుప్పు ఎంత నిండింది, ఇవే వయసుకు సాక్ష్యం. వందల ఏళ్లు పట్టే ఆ నలుపును మీరు అరగంటలో పులుసులో కలిపేశారు. అలుగుకు మెరుగు పెట్టడానికి వేరే పనివాళ్లు ఉంటారు. వాళ్లు కూడా నకాగోను ముట్టుకోరు.

సికింద్రాబాద్ మనవడు
మా ఇంటి కత్తి, మా ఇంటి చింతపండు. అమ్మకానికి పెట్టానా? పూజలో తుప్పు పట్టిన ఆయుధం పెట్టమంటారా?

లండన్ వదిన
కొట్లాట ఆపి కాస్త చట్టం సంగతి చూడండి. ఇక్కడ బ్రిటన్‌లో 2008 నుంచి 50 సెం.మీ. మించిన వంపు కత్తుల అమ్మకం, దిగుమతి నిషేధం. 1954కు ముందు చేసినవాటికి, సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉందని రుజువు చేసేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

కోనసముద్రం కొలిమి
జపాన్ కత్తి అనగానే అందరూ కళ్లు పెద్దవి చేస్తారు. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం ఇరాన్ వ్యాపారులు వచ్చి కూర్చునేవారు. దానిముందు ఇవేపాటి?

లోహశాస్త్రి
ముప్పై ఏళ్లు ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాణ్ని, కాబట్టి చెబుతున్నాను. ఈ రెండింటికీ పోటీ లేదు. మన మూస ఉక్కు కరిగి గడ్డకట్టినది. కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. జపాన్‌వారిది ఇనుప ఇసుకను, బొగ్గును తతారా కొలిమిలో కాల్చి తీసిన తమహగానె అనే ఉక్కు. అది అంతటా ఒకేలా ఉండదు. అందుకే మడిచి మడిచి కొడతారు. కార్బన్ సమంగా పరచుకుంటుంది, మడ్డి బయటికి పోతుంది. వాదరలో చివరికి 0.6 నుంచి 0.7 శాతం దాకా మిగులుతుంది. వేయి మడతల కత్తి అని సినిమావాళ్లు చెప్పేది నమ్మకండి. మడిచేది పదీ పదిహేను సార్లే. పొరలు రెట్టింపవుతూ వేలకు చేరతాయి.

కోనసముద్రం కొలిమి
అంటే లోపమున్న ఉక్కును మడిచి సరిచేసుకున్నారన్నమాట. మాదానికి ఆ అవసరమే రాలేదు.

లోహశాస్త్రి
మీకు పాఠం చెప్పడం నా వల్ల కాదు.

ఒహాయో శీను
అయ్యా, నా కత్తి?

పాతఇనుము
వస్తున్నాను. ఒసాఫునేలో సుకెసాదా అనే పేరుతో డజన్ల మంది కమ్మరులు ఉండేవారు. అవి ఊరూరా యుద్ధాలు జరిగే రోజులు, కత్తులు గంపగుత్తగా చేసేవారు. వాటి మీద మీ ఫొటోలోలాగే పొట్టి సంతకం, ‘బిషూ ఒసాఫునే’ అని మొదలవుతుంది. ఎవరో ప్రభువు కోరి చేయించుకున్నవాటి మీద ‘బిజెన్ నో కుని జూ’ (బిజెన్ సీమ వాసి) అంటూ యోసోజయెమోన్‌నోజో లాంటి సొంతపేరు కూడా ఉంటుంది. విలువలో తేడా అక్కడే.
మీ కత్తి 64 సెం.మీ. ఉండడం, నకాగో పొట్టిగా ఉండడం ఆ కాలానికి సరిపోతాయి. ఒంటిచేత్తో తిప్పే కత్తులవి. హామోన్‌లో, అంటే వాదర వెంబడి తెల్లగా కనిపించే గీతలో, పీతగోళ్లలాంటి ఆకారాలు కనిపిస్తే ఇంకా మంచిది. మీ ఫొటో మసకగా ఉంది, పక్కనుంచి దీపం పడేలా మళ్లీ తీయండి.

వేలంపాట
సైనిక పిడి కదా, 1940లలో చేసిందే అయివుండాలి. అంత ఆశ ఎందుకు?

పాతఇనుము
పిడి చూసి అలుగు వయసు చెప్పేవాళ్లతో వేగలేను. జపాన్ సైనికాధికారులు చాలామంది ఇంటి పాత కత్తికే సైనిక పిడి వేయించుకుని యుద్ధానికి వెళ్లారు. అలాగని దొంగ సంతకం కాదని నేనేమీ హామీ ఇవ్వడం లేదు. అది తేల్చేది టోక్యోలో 1948లో ఏర్పడిన కత్తుల పరిరక్షణ సంఘం, అదే ఎన్‌బీటీహెచ్‌కే. రియోగోకులోని కత్తుల మ్యూజియం వారిదే. నచ్చితే హోజోన్ పత్రం, అంటే అసలుదేనని ధ్రువపత్రం, ఇస్తారు. జపాన్‌లో దిగగానే కత్తిని నమోదు చేయించాలి కాబట్టి మధ్యవర్తి ద్వారా పంపడమే మేలు. ధర వేల డాలర్లలో ఉంటుంది, లక్షల్లో కాదు.

లండన్ వదిన
ఇండియా సంగతి ఎవరూ చెప్పలేదు. 1959 ఆయుధాల చట్టం కిందికి కత్తులూ వస్తాయి. అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని దిగకండి శీనూ.

సికింద్రాబాద్ మనవడు
మా కత్తి ఫొటో కూడా పెట్టాను. అలుగు మీద గాడిలో అంకెలు కొట్టి ఉన్నాయి, ఒర మూతి మీదా అవే అంకెలు. ఇది ఏ శతాబ్దం?

పాతఇనుము
టైపు 95. హవల్దారు స్థాయివాళ్ల కోసం 1935 నుంచి యంత్రాలతో చేసినవి. మీ పిడి మీద కనిపించే అల్లిక అల్లిక కాదు, అచ్చుపోసిన లోహం మీద రంగు. దాన్ని చింతపండుతో తోమితే ఉన్న రంగూ పోతుంది.

సికింద్రాబాద్ మనవడు
రంగు ఎప్పుడో పోయింది. పిడి కూడా ధగధగలాడుతోంది.

వేలంపాట
అంకెలు కలిసిన టైపు 95 అమ్ముతారా? మళ్లీ రంగు వేయిస్తే పాతదిలాగే ఉంటుంది కదా?

పాతఇనుము
ఈ చర్చలో ఇక నేను రాయను.

ఒహాయో శీను
హామోన్ ఫొటోలు మళ్లీ పెట్టాను, పక్కదీపంతో. పాతఇనుము గారూ, ఒక్కసారి చూస్తారా?

పాతఇనుము
మూడో ఫొటో పెద్దది చేసి పెట్టండి.