సంక్రాంతి ప్రోగ్రాం: ‘శుక్రవారం పాట’ ఎన్ని గంటలకు పెడదాం?

కల్చరల్ టీం (ప్రస్తుతం కడప నుంచి):

అందరికీ నమస్కారం. సెలవు మీద ఊరికి వచ్చి పది రోజులైంది. నిన్న ‘శుక్రవారం పాట’ పాడిన అమ్మాయి ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చాను. కువైట్‌లో మనం చేసే సంక్రాంతి ప్రోగ్రాంకు వచ్చి పాడటానికి ఒప్పుకుంది. ఇంట్లో వాళ్లూ సరేనన్నారు. ఇకనుంచి దీని సంగతులన్నీ ఈ థ్రెడ్‌లోనే రాయండి. వాట్సాప్‌లో అక్కడొకటి ఇక్కడొకటి రాస్తే తర్వాత ఎవరికీ దొరకవు.

కమిటీలో పాట వినని వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పెద్దాయన ఒకరు “ఏ సినిమాలోదబ్బా ఇది?” అని అడిగారు. ఏ సినిమాలోదీ కాదు పెద్దనాయనా. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి తనే రాసుకుంది. పక్కవీధి ఇంజనీరింగ్ కుర్రాడు బాణీ కట్టాడు. ఆమె విడుదల చేసిన మొట్టమొదటి పాట ఇదే. ఒకప్పుడు కొత్త గొంతు నలుగురికీ వినపడాలంటే సినిమా ఛాన్సన్నా రావాలి, క్యాసెట్ కంపెనీ అన్నా పిలవాలి, లేదంటే ఆకాశవాణి కడప కేంద్రమే దిక్కు. ఇప్పుడు పాటల్ని యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ సైటులో పెడితే, ఆ రికార్డింగ్‌ను గుర్తుపట్టడానికి పన్నెండు అక్షరాల, అంకెల ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది. స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్ అన్నింట్లోకీ పాట దానంతట అదే వెళ్లిపోతుంది. దారి సులువైన మాట నిజమే గానీ, ఆ దారిన వచ్చిన పాటల్లో జనం నోళ్లలో నిలిచేవి చాలా తక్కువ. ఇది నిలిచింది.

ఎందుకు నిలిచిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లమ్మ కువైట్‌కు వెళ్లేటప్పటికి ఈ పిల్ల మూడో తరగతి. ఆమె ఇప్పటికీ అక్కడే ఒక ఇంట్లో పనిచేస్తోంది. వారమంతా ఎదురుచూస్తే శుక్రవారం ఒక్క ఫోను. “శుక్రవారం వస్తే ఫోను నాదే, మిగతా ఆర్రోజులు అమ్మ ఎవరిదే” అని పాట మొదలవుతుంది. మొదట పాకింది కడపలో కాదు, కువైట్‌లోనే. కువైట్ సిటీలోని మాలియాలో సెలవు రోజు కలుసుకునే మన ఆడవాళ్లు ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కు పంపుకున్నారు. ఊళ్లో ఉన్న పిల్లలకు పంపితే, పిల్లలు దాన్నే పాడి వాయిస్ మెసేజ్‌లు తిరిగి పంపారు. అక్కణ్ణుంచి రాజంపేట, రాయచోటి, కోడూరు.

నేను చెన్నైలో దిగి కడప బస్సెక్కినప్పుడు జరిగింది చెబుతాను. కోడూరు దాటాక డ్రైవర్ ఈ పాట పెట్టాడు. నా ముందు సీట్లో ఒక జేజి మనవడికి బత్తాయి ఒలిచి పెడుతోంది. పాట మొదలవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. తొన ఆ వేళ్ల మధ్య అట్లే ఉంది, పాట అయిపోయేదాకా. పిల్లోడు మాత్రం కిటికీలోంచి చూస్తూ ఒక్క అక్షరం తప్పకుండా పాడుతున్నాడు. వాడమ్మ ఎక్కడుందని నేను అడగలేదు, అడగబుద్ధి కాలేదు.

రికార్డింగ్ చేసిన గది కూడా చూపించారు. మిద్దె మీద చిన్న గది. ప్రతిధ్వని రాకుండా కిటికీలకూ గోడలకూ బొంతలు వేలాడదీశారు, జేజి కుట్టిన పాతచీరల బొంతలు. కడప ఎండాకాలంలో ఫ్యాను ఆపి, తలుపు మూసి పాడింది. రైలు కూత వినబడితే ఆపేయడం, పోయాక మళ్లీ మొదలుపెట్టడం. పాటలో ‘చక్ చక్’మని నడిచే తాళం కంప్యూటర్‌ది అనుకున్నాను. కాదు, వాళ్ల అబ్బ చెక్కభజన చెక్కలు. చెక్కకు పొదిగిన చిన్న చిన్న ఇత్తడి బిళ్లలు మోగుతాయి చూడండి, ఆ మోత మైకులో పడి పాటకు అంత నిండుదనం తెచ్చింది. పాప్ పాట కింద మన ఊరి భజన గుడి నడక వినిపిస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది.

నేను అడిగేది ఒక్కటే. ఆమెకు మంచి టైం ఇవ్వాలి. ప్రోగ్రాం మధ్యలో ఏదో ఖాళీ నింపడానికి పిలిచినట్టు ఉండకూడదు.

స్టేజ్ టీం:

అన్నా, చాలా సంతోషం. ఆఖరి ఐటం పెడదాం. తొమ్మిదిన్నరకు ఆ పాటతో ముగిస్తే జనం చివరిదాకా కూర్చుంటారు. ఒక్క పాటకు అంత దూరం నుంచి రప్పించి పంపేస్తే బాగుండదు, సినిమా పాటలు ఒక ఐదారు కూడా పాడమని చెప్పు. ట్రాక్ ఫోన్‌లో ఉంటే చాలు, బ్లూటూత్‌తో కలిపేస్తాం.

కల్చరల్ టీం:

తమ్ముడూ, బ్లూటూత్ మాత్రం వద్దు. పోయినసారి పిల్లల డ్యాన్స్ మధ్యలో ఎవరి ఫోన్‌లో ట్రాక్ ఉందో ఆ ఫోన్‌కే కాల్ వచ్చి పాట ఆగిపోయింది. ఆ పిల్లలు స్టేజీ మీద చేతులు పైకెత్తి అలాగే నిలబడ్డారు, ఆ మొహాలు నేను మర్చిపోలేదు. ఈసారి గొంతు లేని మైనస్ ట్రాక్ వేవ్ ఫైల్‌గా తెప్పిస్తున్నాను. వాట్సాప్‌లో ఆడియోలా పంపితే క్వాలిటీ పడిపోతుంది, అందుకే డ్రైవ్ లింక్ పెడతాను. లాప్‌టాప్ నుంచి వైరుతో మిక్సర్‌కు కలపండి, రెండో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఆమె శ్రుతి అయిదున్నర. కీబోర్డ్ అన్న ఆ శ్రుతికే ప్రాక్టీస్ చేసుకోవాలి. వీడియో కాల్‌లో కలిసి వాయించుకుందాం అంటే కుదరదు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం కలవదు. ఎవరికి వాళ్లు ట్రాక్‌తో ప్రాక్టీస్ చేసి, ఆమె వచ్చాక రెండుసార్లు కూర్చుంటే సరిపోతుంది.

సినిమా పాటల సంగతి ఆమెను అడిగాను. రెండు పాడతానంది. వాటితో పాటు జేజి దగ్గర నేర్చుకున్న గొబ్బి పాట ఒకటి పాడాలని ఆశపడుతోంది. సంక్రాంతికి అంతకంటే ఏం కావాలి? అన్నీ కలిపి ఇరవై అయిదు నిమిషాలు.

ఆఖరి ఐటం అన్నది మాత్రం నేను ఒప్పుకోలేను. తొమ్మిదిన్నరకు హాల్లో ఎవరుంటారో ఆలోచించు. కార్లున్న కుటుంబాలు ఉంటాయి. ఇళ్లలో పనిచేసే అక్కలు ఒక్కరూ ఉండరు.

బస్సుల టీం:

అన్న చెప్పింది నిజం. పోయినేడు మా బస్సుల్లో వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది ఎనిమిదికల్లా తిరుగు బస్సెక్కారు. ఫహాహీల్, మంగాఫ్ వైపు వెళ్లేవాళ్లు ఇంకా ముందే బయల్దేరారు. భోజనాలు కూడా తినకుండా పొట్లాలు కట్టించుకుని పోయారు.

సాల్మియా నుంచి ఒక అక్క:

నేను స్టేజీ సంగతులు మాట్లాడేదాన్ని కాదు, వంటల దగ్గర ఉండేదాన్ని. అయినా రాస్తున్నా. 2015లో ఇక్కడ కువైట్‌లో చట్టం వచ్చింది, 68వ నంబరు చట్టం. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి ఒకరోజు సెలవు ఇయ్యాలని దాంట్లో ఉంది. కొందరికి రోజంతా ఇస్తారు. నాకు శుక్రవారం మధ్యాహ్నం నుంచి తొమ్మిది దాకా. మా గదిలో ఇంకో ఆమెకు అదీ లేదు, నెలకు రెండుసార్లు. పాట ఎనిమిది తర్వాత పెడితే మేము ఫోన్‌లోనే వినాలి. ఫోన్‌లో రోజూ వింటూనే ఉన్నాం కదా అన్నా.

స్టేజ్ టీం:

అక్కా, ఈ మాట నాకు తట్టలేదు. క్షమించు. టైం మారుస్తాను. ఎన్నింటికి పెట్టమంటారు?

కల్చరల్ టీం:

జనవరిలో పొద్దు తొందరగా పోతుంది, మగ్రిబ్ నమాజ్ ఐదు దాటగానే పడుతుంది. మన కమిటీలో, ప్రేక్షకుల్లో ముస్లిం అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. ఈ ప్రోగ్రాంకు ముందునుంచీ వాళ్లే నడుము కట్టారు. నమాజ్ విరామం అయ్యాక ఆరుకు ఈ అమ్మాయిని పిలుద్దాం. ఆరున్నరకల్లా అయిపోతుంది. ఉపన్యాసాలు, సన్మానాలు అన్నీ దాని తర్వాతే. అతిథులు ఆలస్యంగా వచ్చినా పాట కోసం ఆగాలే గానీ, అతిథుల కోసం పాట ఆగకూడదు.

ఇంకొన్ని సంగతులు. రాజంపేట వైపు డ్రైవర్ అన్నలు ఆరుగురికి చెక్కభజన వచ్చని విన్నాను. వాళ్లు స్టేజీ మీద వెనక నిలబడి తాళం వేస్తే ట్రాక్‌లో చెక్కల శబ్దం తీసేయమని ఆ కుర్రాడికి చెబుతాను. చెక్కలు నేనే ఇక్కణ్ణుంచి తెస్తాను, చెకిన్ బ్యాగులో వేస్తే ఇబ్బంది లేదు. ఆమె చిన్న సౌండ్ బాక్సు కూడా తెచ్చుకుంటోంది. కరెంటుతో తేడా రాదు, కానీ అక్కడి సాకెట్లు మూడు పలక పిన్నులవి, అడాప్టర్లు నాలుగు కొని పెట్టండి.

హాలు పర్మిషన్, కళాకారుల పర్మిషన్ రెండూ చేతికి రాకుండా టికెట్ కొనొద్దు. పర్మిషన్ టీం దీన్ని ఈ వారంలోనే చూడాలి.

డబ్బు సంగతి. ఆమె ఏమీ అడగలేదు. వాళ్ల అబ్బ అయితే “మనోళ్ల పండక్కి డబ్బులేంది సామీ” అన్నాడు. అయినా ఇద్దాం. దారి ఖర్చులు కాకుండా, పాడినందుకు పారితోషికం అని చెప్పి ఇద్దాం. బాణీ కట్టిన కుర్రాడికి వేరే కవరు. వీడియో తీసి మన యూట్యూబ్ ఛానెల్‌లో పెడతామని ఎవరో రాశారు. అలా అనుమతి లేకుండా పెడితే కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు. అదీ కాక, పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా ఉండాలని 2012 సవరణలో మన కాపీరైట్ చట్టమే చెప్పింది. వాళ్లిద్దరి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుందాం. వీడియో కింద ఇద్దరి పేర్లూ సరిగ్గా వేద్దాం. యాంకర్ కూడా “ఫలానా సినిమా స్టైల్లో” అనకుండా, వీళ్ల సొంత పాట అని చెప్పాలి. మొదటి పాట అనే మాట తప్పకుండా ఉండాలి.

వాలంటీర్ల రిజిస్ట్రేషన్ నుంచి:

అన్నా, వాళ్లమ్మ సంగతి? పాట మధ్యలో ఆమెను స్టేజీ మీదికి పిలిచి కూతురికి కలిపితే హాలంతా ఏడుస్తుంది. వీడియో కూడా బాగా వెళ్తుంది.

కల్చరల్ టీం:

వద్దమ్మా. ఈ ఆలోచన నాకూ వచ్చింది, అమ్మాయినే అడిగాను. తల వంచుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అమ్మకు నలుగురిలో ఏడవడం ఇష్టం ఉండదు అన్నా” అంది. అంతకంటే ఏం కావాలి మనకు? ఆమెను పిలవొద్దు, కెమెరా ఆమె వైపు తిప్పొద్దు, ఎక్కడ కూర్చుందో యాంకర్‌కు కూడా చెప్పొద్దు. కెమెరా అన్నకు నేనే ఫోన్ చేస్తాను.

సాల్మియా నుంచి ఒక అక్క:

ఆమె నాకు తెలుసు. ఈ శుక్రవారం కలిశాను. పండుగ రోజు సెలవు అడిగిందంట, ఇంటామె సరేనన్నది, కానీ ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండాలంట. ముందు వరుస వద్దంది. తలుపు దగ్గర, లేచిపోవడానికి వీలుగా ఒక కుర్చీ చాలంది. ప్రోగ్రాం మొదలవడానికి ముందు కూతుర్ని పది నిమిషాలు చూడాలంట, అంతే అడిగింది.

కల్చరల్ టీం:

పది నిమిషాలు కాదక్కా, గంట ఇద్దాం. సౌండ్ చెక్ మూడింటికే ముగించేస్తాం. మేకప్ గది మూడు నుంచి నాలుగు వరకు వాళ్లిద్దరికే. తాళం నీ దగ్గరే పెట్టుకో, ఎవరినీ లోపలికి రానివ్వొద్దు. బస్సుల టీం తమ్ముడూ, సాల్మియా బస్సు రెండింటికే బయల్దేరేలా చూడు. తిరుగు బస్సు ఏడింటికి గేటు దగ్గర ఉండాలి.