అప్‌డేట్: మీటప్ డెమోలో వీఆర్ హెడ్‌సెట్ ట్రాకింగ్ పోయే సమస్య తీరింది

ఇంట్లో చక్కగా నడిచే వీఆర్ (కళ్ళ ముందు కృత్రిమ లోకం చూపించే) హెడ్‌సెట్, టెక్ మీటప్‌లో డెమోకి పెట్టగానే మాటిమాటికీ ట్రాకింగ్ (గదిలో తన చోటు, కదలిక గుర్తించడం) పోగొట్టుకుంటోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. నిన్నటి మీటప్‌లో ఒక్కసారి కూడా పోలేదు. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "ముందు గోడలు చూడండి" అన్న సలహా. ఈ రకం హెడ్‌సెట్‌కి బయట సెన్సర్లు ఉండవు. దాని మీదున్న కెమెరాలే గదిలోని అంచులు, మూలలు గుర్తుపట్టి, హెడ్‌సెట్ ఎక్కడుందో లెక్క వేస్తాయి. మేము నిలబడ్డ చోట ఒక పక్క అద్దాల గోడ, ఇంకో పక్క ఏ గుర్తూ లేని తెల్లగోడ! పైగా చుట్టూ జనం కదులుతూనే ఉన్నారు. ఈసారి మూలకి జరిగి, కర్టెన్లు వేసి, తెల్లగోడకి రంగురంగుల పోస్టర్లు అంటించాం. నేల మీద టేపుతో గీత గీసి, చూసేవాళ్ళని దాని బయటే ఉంచాం. వీఆర్ మొదటిసారి పెట్టుకున్న ఒక పెద్దాయన చేతులు చాచి చుట్టూ తిరుగుతుంటే నాకు ఎంత సంతోషమేసిందో.

ఫ్యాక్టరీ రీసెట్, చేతిలో పట్టుకునే కంట్రోలర్లకి కొత్త బ్యాటరీలు: వీటికీ సమస్యకీ సంబంధం లేదు. హెడ్‌సెట్‌లో కనిపించే చిత్రం వైఫై ద్వారా ప్రొజెక్టర్‌లో రాకపోవడం వేరే గొడవ. అక్కడి గెస్ట్ వైఫై పరికరాలని ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు. మా సొంత రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో పెడితే వచ్చేసింది.

కర్టెన్లు ఇంకో కారణానికీ అవసరమే: లెన్సుల మీద నేరుగా ఎండ పడితే లోపలి స్క్రీన్ కాలిపోతుంది.