మూర్ఛ, సొమ్మ, ఫిట్స్: మీ ఊళ్లో దేన్ని ఏమంటారు?

మాది అనంతపురం దగ్గర పల్లె. 'మూర్ఛ' అనే మాటతో నేను చేసిన తప్పొకటి చెప్పి, మీ వైపు ఏమంటారో అడుగుదామని రాస్తున్నా.

పోయిన ఎండాకాలం జాతరలో మా అక్క కొడుకు పడిపోయాడు. పదో తరగతి పిల్లోడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, గంటసేపు ఎండలో నిలబడ్డాడు. "కండ్లు మసకేస్తాండాయి మామా" అన్నాడు. చెమటలు పట్టి, మొహం పాలిపోయి, అట్లే నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఎవరో బీగాల గుత్తి తెచ్చి వాడి చేతిలో కుక్కారు. నిమిషం కాకముందే లేచి కూర్చొని నీళ్లడిగాడు.

ఆస్పత్రిలో చీటీ రాసేచోట ఏమైందని అడిగితే "మూర్ఛపోయినాడు సార్" అన్నా. ఆయన 'ఫిట్స్' అని రాసుకున్నాడు. లోపల డాక్టరమ్మ చీటీ చూసి వరసగా అడిగింది: కొయ్యబారినాడా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా, నాలుక కరుచుకున్నాడా, లేచినాక మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టింది? కొయ్యబారలేదు, కొట్టుకోలేదు, లేస్తూనే నన్ను మామా అన్నాడు. ఆమె ఆ మాట కొట్టేసింది. కానీ మాకంటే ముందే చీటీలో మాట ఊరు చేరింది. మా అక్క ఇప్పటికీ "మావాడికి ఫిట్స్ లేవు" అని అడిగినోళ్లకీ అడగనోళ్లకీ చెప్పుకుంటోంది.

ఇందులో చీటీ రాసినాయన తప్పేం లేదు. మనం మూర్ఛ అనే ఒక్క మాటతో రెండు పనులు చేయిస్తున్నాం. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు లక్ష్మణ మూర్ఛ ఆడితే, లక్ష్మణుడికి ఫిట్స్ వచ్చిందని ఎవరూ అనుకోరు. అక్కడ స్పృహ తప్పడమే. అదే మాట పక్కన 'రోగం' చేర్చితే మెదడులో కరెంటు గాడి తప్పి వచ్చే జబ్బు. రక్తం ఒక్క క్షణం మెదడుకు సరిగా అందక పడిపోవడం వేరు, ఇది వేరు. మందులూ వేరే.

నా మాట ఇది: మొదటిదానికి మనకు 'సొమ్మసిల్లడం' అనే చక్కని మాట ఉంది. దాన్ని అక్కడే వాడి, మూర్ఛను ఆ జబ్బుకే వదిలేద్దాం.

జవాబు, కడప నుంచి:
అన్నా, మా అవ్వ ఫిట్స్‌ను 'కాకిసొమ్మ' అనేది. అంటే సొమ్మ కూడా రెండువైపులా పోయింది! బ్రౌన్ దొర నిఘంటువు పని చేసిన ఊరివాణ్ణి కాబట్టి ఒక మాట: పాతమాటలు మనం గీసిన గీతలో నిలబడవు. కచ్చితమైన మాట కావాలంటే 'అపస్మారం' ఉంది కదా. స్మృతి తొలగిపోవడమని అర్థం. నటరాజు పాదం కింద ఉన్న మరుగుజ్జు రాక్షసుడి పేరూ అదే.

నా జవాబు:
మాట బాగుంది సామీ, కానీ చీటీ రాసేచోట "అపస్మారం వచ్చింది" అని ఎవరు చెప్తారు? పైగా దేవుడి పాదం కింద తొక్కించుకునేవాడి పేరు జబ్బుపడిన పిల్లోడికి పెట్టడం నాకు రుచించదు. కాకిసొమ్మ మాత్రం రాసిపెట్టుకున్నా.

జవాబు, కర్నూలు నుంచి:
నేను కోర్టు పనిలో ఉంటా. పేరు అంటుకుంటే ఏమవుతుందో మాకు తెలుసు. 1955 హిందూ వివాహ చట్టంలో పెళ్లి షరతుల దగ్గర పిచ్చితోపాటు మూర్ఛనూ కలిపి రాసి ఉండేది. 1999లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. కాగితం మీద పోయిందిగానీ సంబంధాలు చూసేచోట పోలేదు. ఇప్పటికీ "పిల్లకు ఏమన్నా ఫిట్స్ గిట్స్…" అని గొంతు తగ్గించి అడుగుతారు. మీ పిల్లోడికి అంటుకున్నది కూడా ఇదే.

జవాబు, అనంతపురం నుంచి, నర్సుగా పనిచేసే ఒక అక్క:
తమ్ముడూ, పేరు సంగతి మీరు తేల్చుకోండి, ఆ బీగాల గుత్తి సంగతి నాకు వదిలెయ్. ఫిట్స్ ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. సరిగ్గా అప్పుడే చేతిలో ఇనుము ఉంటుంది కాబట్టి మంచిపేరు ఇనుముకు పోతుంది. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు, గట్టిగా అదిమి పట్టొద్దు. కొట్టుకోవడం తగ్గినాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇంకోటి, ఒక్కసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన మూర్ఛరోగం అయిపోదు. చంటిపిల్లలకు జ్వరం ఎక్కువై కూడా వస్తుంది. అందుకే మేము వచ్చినోళ్లను పేరు అడగం, "ఏం చూసినారో చెప్పండి" అంటాం.

నా జవాబు:
అక్కా, నేను చేయాల్సింది అదే. కండ్లు మసకేసి కూలబడ్డాడు, నిమిషంలో లేచినాడు అని చెప్పుంటే చీటీలో ఆ మాటే పడేది కాదు.

జవాబు, కడప నుంచి:
అంతా సరేగానీ, "ఫిట్స్ వచ్చింది" అనాలా, "ఫిట్స్ వచ్చాయి" అనాలా? నువ్వు పైన ఒకచోట అట్ల, ఒకచోట ఇట్ల రాసినావు.

నా జవాబు:
రాసినా. మా ఇంట్లోనే రెండూ అంటాం. అమ్మ 'వచ్చింది' అంటుంది, అక్క 'లేవు' అంటుంది.