హైడ్రోక్లోరిక్ ఆమ్లం: లెక్కలో 0.1, అంశమాపనంలో 0.092

లీటరు 0.1 మొలార్ (లీటరుకు 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారు చేయాలి. సీసా మీద భారశాతం 35, సాంద్రత 1.18 అని ఉంది. దాని ప్రకారం లీటరుకు 413 గ్రాముల ఆమ్లం, దాని అణుభారం 36.46తో భాగిస్తే 11.33 మొలార్. అంటే 8.83 మి.లీ. తీసుకుని స్వేదనజలంతో లీటరుకు నింపాలి. అలాగే చేశాను.

తర్వాత 0.530 గ్రాముల అనార్ద్ర (నీరు లేని) సోడియం కార్బొనేట్‌ను 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో కరిగించి, అందులో 10 మి.లీ. పిపెట్‌తో తీసి, రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ (రంగు మారి ముగింపు చూపే సూచిక) వేసి అంశమాపనం (టైట్రేషన్: ఎంత ఆమ్లం ఖర్చయిందో చూసి గాఢత తేల్చడం) చేశాను. బ్యూరెట్‌లోని ఆమ్లం సరిగ్గా 10.0 మి.లీ. ఖర్చు కావాలి. మూడుసార్లూ 10.9 దగ్గరే పసుపు పోయి నారింజ వచ్చింది. అంటే ఆమ్లం 0.092 మొలార్ మాత్రమే.

ద్రావణం మళ్లీ మొదటినుంచి కలిపాను, పిపెట్ మార్చాను, అదే ఫలితం. కార్బొనేట్‌ను 250 డిగ్రీల వద్ద గంటసేపు ఎండబెట్టే తూచాను. అయినా దానిలో తేమ ఉంటే రీడింగ్ తగ్గాలి గానీ పెరగకూడదు కదా! శాతం ఘనపరిమాణం లెక్కన (100 మి.లీ.లో 35 గ్రాములు) ఇచ్చారేమో అనుకున్నా కుదరలేదు, అప్పుడు 0.085 రావాలి.

మిగిలిన అనుమానం సీసా మీదే. దాన్ని తెరిచి ఏడాది దాటింది, మూత కాస్త వదులు. తీయగానే తెల్లటి పొగ మాత్రం ఇప్పటికీ వస్తోంది.

హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు తప్పించుకుపోయి గాఢ ఆమ్లం బలం ఏడాదిలో 8 శాతం దాకా తగ్గుతుందా, లేక నా పద్ధతిలోనే తప్పుందా?